పదిహేడో సెకను

పోయిన వారం కథ ఆపి, ఆమె చేతిని కోటు జేబులోనే ఉంచి వచ్చేశాం. జేబులో బొటనవేలంత సీసా, సీసాలో యాసిడ్. ఎదురుగా బల్ల మీద, పదకొండేళ్ళ కిందట ఆమె బతుకును బుగ్గిపాలు చేసిన మెషీన్. అప్పుడు తనను దొంగ అని గెంటేసిన ల్యాబ్‌లోకే, ఇప్పుడు ఆ మెషీన్‌ను బాగుచేసే సర్వీస్ ఇంజనీర్‌గా ఆమె అడుగుపెట్టింది. పదకొండు గంటలకు మందుల కంపెనీవాళ్ళు వచ్చి కూర్చుంటారు. వాళ్ళ కళ్ళ ముందు ల్యాబ్ పెద్దసారు తన పరీక్ష చేయించి చూపిస్తాడు. గోడ గడియారం పది దాటి ఐదు నిమిషాలు చూపిస్తోంది.

ఈ మధ్యనే మనతో చేరినవాళ్ళకు ఒక్కమాట. మెషీన్ అన్నానని భయపడకండి, పాత ఫ్రిజ్‌లో సగం ఉంటుంది అంతే. లోపల వేలిగోరంత గాజుపలక, దాని మీద కంటికి ఆనని పలుచన బంగారు పూత. దాన్ని చిప్ అంటారు. పూత మీద ఒక యాంటీబాడీని అతికిస్తారు. అది మహా పట్టింపు మనిషి లాంటిది, తనకు కావలసిన ప్రోటీన్‌ను తప్ప ఇంకెవరినీ ముట్టదు. కింద నుంచి కాంతి వచ్చి ఆ బంగారానికి తగిలి వెనక్కి తిరుగుతుంటుంది. పైన సన్నటి గొట్టంలో మనిషి రక్తం నుంచి తీసిన సీరం పారుతుంటుంది. కావలసిన ప్రోటీన్ వచ్చి అతుక్కుందంటే కాంతి తిరిగే కోణం వెంట్రుకవాసి మారుతుంది, తెర మీద గీత పైకి లేస్తుంది. అతుక్కోలేదంటే గీత పడుకునే ఉంటుంది.

కిడ్నీలు దెబ్బతినడానికి ఏడాది ముందే రక్తంలోకి జారే ఒక ప్రోటీన్‌ను పట్టే యాంటీబాడీని ఆమె ఇరవై నాలుగేళ్ళ వయసులో ఇదే గదిలో తయారుచేసింది. ఆమె దగ్గర గీత చక్కగా లేచింది. పరిశోధనను పరీక్షించే కమిటీ ముందు పెట్టిన రోజు మాత్రం లేవలేదు. మూడుసార్లు పెట్టారు, మూడుసార్లూ పడుకునే ఉంది. ఇంకో చిప్ చేయడానికి యాంటీబాడీ మిగల్లేదు. 'గీతలు కల్పించింది' అని కాగితం మీద రాసి ఆమెను ఇంటికి పంపేశారు. ఏడాది తిరక్కుండా అదే యాంటీబాడీ, అదే ప్రోటీన్, పెద్దసారి అల్లుడి పేరుతో పత్రికలో వచ్చింది.

ఆ కాగితం అమ్మ చదివింది. చదివి ఒక్కటే అడిగింది, "నిజమేనా?" అని. కాదని ఆమె వెయ్యిసార్లు చెప్పింది. అమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, నమ్మానని కూడా అనలేదు. రెండేళ్ళకు పోయింది.

మిగిలింది మావయ్య. అమ్మకు తమ్ముడు, ఈ మెషీన్‌ను ఇరవై ఏళ్ళు నడిపిన ఆపరేటర్. "నా మేనకోడల్ని దొంగ అన్నచోట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను" అని ఉద్యోగం వాళ్ళ ముఖాన కొట్టి వచ్చేశాడు. చిన్న రిపేరు షాపు పెట్టి ఆమెకు పని నేర్పాడు. గొట్టంలో ఆవగింజంత గాలి చేరినా ఈ మెషీన్లలో గీత పిచ్చిగంతులు వేస్తుంది. ఆ బుడగ ఎక్కడ దాక్కుందో పట్టుకోవడంలో ఆమె తర్వాతే ఎవరైనా. అందుకే ఊళ్ళో ల్యాబులన్నీ ఆమెను బుడగలక్క అంటాయి. ఆ పేరు వింటే మావయ్య మీసాల్లో నవ్వుకుంటాడు.

పొద్దున బయల్దేరుతుంటే ఆయన గుమ్మం దాకా వచ్చాడు.

"గొట్టం మార్చు, సంతకం పెట్టు, వచ్చెయ్. అంతే. సర్వీస్ మోడ్ జోలికి మాత్రం పోకు తల్లీ. అది ముసలి మెషీన్. ఒకసారి పడుకుందంటే లేవదు."

"సరే మావయ్యా."

"ఆ పెద్దసారు ఉన్నాడే, వాడితో మాటలు పెట్టుకోకు."

"సరే అన్నాగా!"

సీసా సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే కాళ్ళు పట్టుకుని ఆపుతాడని భయం.

కొత్త గొట్టం బిగించి ఆమె దాన్ని కడిగింది, మావయ్య పద్ధతిలోనే. యాసిడ్‌తో ఒకసారి, పదిహేడు లెక్కపెట్టింది. ఇంకోసారి, మళ్ళీ పదిహేడు. ఆపైన నీళ్ళు. కంపెనీ పుస్తకంలో ముప్పై సెకన్లని ఉంటుంది, లోకమంతా ముప్పైయే చేస్తుంది. మావయ్య ఒప్పుకోడు. "పదహారుకి గొట్టం ఖాళీ. పదిహేడోది నా తృప్తికి" అంటాడు. అక్కడితో ఆగడు, నీళ్ళయ్యాక చివర్లో చిటికెడు గాలి పీల్పిస్తాడు. గాలంటే ఈ వృత్తిలో అందరూ పాముని చూసినట్టు చూస్తారు. ఆయన మాత్రం గొట్టం పొడిగా ఉంటేనే నిద్రపోతాడు. ఇంట్లో టీ గ్లాసు కడిగినా ఇదే వరస. రెండుసార్లు సబ్బు, ఒకసారి నీళ్ళు, చివర్లో గ్లాసులోకి 'ఫూ' అని ఊదుడు. ఆ 'ఫూ' వినపడకపోతే ఇంట్లో పొద్దు గడవనట్టే ఉంటుంది.

తలుపు తోసుకుని పెద్దసారు లోపలికి వచ్చాడు. కొత్త టై కట్టాడు, అది మెడ దగ్గర ఎక్కువ బిగిసింది. కంగారులో ఉన్న మనిషికి మాటలు ఊరుతుంటాయి. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏమ్మా, ఎంతవరకొచ్చింది?"

"అయిపోవచ్చింది సార్."

"ఇవాళ దీని పరువే మా పరువు. మా అల్లుడు గేటు దగ్గరే నిలబడ్డాడు వాళ్ళ కోసం. వాడు కనిపెట్టింది దీని మీదే తెలుసా?"

ఆమె స్క్రూ బిగిస్తూ తల ఎత్తలేదు. "మొదట కనిపెట్టింది కూడా ఆయనేనా సార్?"

"మరి? అంతకుముందు ఒకమ్మాయి ఉండేదిలే. ఏదో పొడిచేస్తానని వచ్చింది. గీతలు గీసి చూపించేది. కమిటీ ముందు పెడితే తుస్సుమంది. ఇంటికి పంపేశాం."

"ఆవిడ పేరేంటి సార్?"

పెద్దసారు పైకప్పు వైపు చూశాడు. "సన్నగా ఉండేది. పేరు... నోట్లోకి రావట్లేదమ్మా. పోనీలే, ఎవరైతే ఏం?"

ఆ మాట అనేసి, మీటింగు గదిలో కుర్చీలు సరిపోయాయో లేదో చూడాలంటూ లేచి వెళ్ళిపోయాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళుగా ఈ మనిషి దగ్గు ఎలా ఉంటుందో ఆమెకు గుర్తుంది, నడిస్తే కుడిబూటు కిర్రుమంటుందని గుర్తుంది, ఆ కాగితం మీద ఏ రంగు సిరాతో సంతకం పెట్టాడో గుర్తుంది. ఆయనకేమో ఆమె పేరు నోట్లోకి రావట్లేదట! తన బతుకు కాల్చినవాడికి తనమీద కనీసం పగైనా ఉంటే ఒక తృప్తి. ఈయన తనను చెత్తబుట్టలో వేసి, బుట్ట ఎక్కడ పెట్టాడో కూడా మరిచిపోయాడు.

సీసా బయటికి తీసింది. మామూలుగా అయితే ఒక్క చుక్క యాసిడ్ ఒకసారి పోనిస్తారు. అతుక్కున్న ప్రోటీన్ ఊడిపోతుంది, యాంటీబాడీ క్షేమంగా ఉంటుంది, చిప్ మళ్ళీ వాడుకోవచ్చు. అదే పదిసార్లు పోనిచ్చారా, యాంటీబాడీ అక్కడికక్కడే చస్తుంది. పైకి చూడ్డానికి చిప్ ఎప్పటిలాగే మెరుస్తుంటుంది, ఎవరికీ అనుమానం రాదు. కంపెనీవాళ్ళు చూస్తుండగా అల్లుడు సీరం పోస్తాడు, గీత లేవదు. తనకు జరిగిందే వాళ్ళకూ జరగాలి. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో వాళ్ళూ వినాలి.

అన్నిసార్లు కడగాలంటే, రిపేరువాళ్ళు మాత్రమే తెరిచే సర్వీస్ మోడ్‌లోకి వెళ్ళక తప్పదు. మావయ్య మాట గుర్తొచ్చి వేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత నొక్కేసింది.

మెషీన్ పడుకోలేదు. పైగా ఒక పట్టీ తెరిచి చూపించింది. కొత్త మోడళ్ళలో ఇలాంటిది ఉంటుందని ఆమెకు తెలుసు. వాల్వులు ఎంత అరిగాయో కంపెనీకి తెలియాలి గనుక, వాల్వు కదిలిన ప్రతిసారీ మెషీన్ తనకు తాను రాసుకుంటుంది. ఏ రోజు, ఏ గంట, ఏ సీసా, ఎన్ని సెకన్లు, అన్నీ. వాడుకునేవాళ్ళు తమ గీతల్ని చెరిపేసుకోవచ్చు గానీ ఈ పట్టీని చెరపలేరు, చూడను కూడా చూడలేరు. పాత మోడల్లో ఇది లేదని మావయ్య ఎన్నోసార్లు చెప్పాడు. ఉంది! పాపం, మావయ్యకు తెలియదన్నమాట అనుకుంది.

చేతులు వాటంతట అవే వెనక్కి జరుపుకుంటూ పోయాయి. ఏడాది, ఇంకో ఏడాది, పదకొండేళ్ళు. కమిటీ కూర్చున్న తేదీ వచ్చింది. కమిటీ మొదలైంది పదింటికి. ఆమె ల్యాబ్‌కు వచ్చింది తొమ్మిదింటికి. పట్టీలో ఆ రోజు మొదటి వరస పొద్దున ఆరుంబావుకి ఉంది. యాసిడ్, యాసిడ్. దాని కింద మళ్ళీ యాసిడ్, యాసిడ్. ఆ కిందా అదే. పొద్దున్నే తలుపు తీసుకుని వచ్చి, ఎవరో తన చిప్‌ను చంపేశారు.

ఆమె నేల మీద కూలబడిపోయింది. నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చింది. ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఈ పదకొండేళ్ళలో కొన్నాళ్ళు ఆమెకే అనుమానం వచ్చేది. నిజంగానే పొరపాటు చేశానేమో, లేని గీతను చూశానేమో, అమ్మ అందుకే నమ్మలేదేమో అని. ఇవాళ ఆ ముల్లు ఊడింది. తను అబద్ధం చెప్పలేదు. తన చేతుల మీద లేచిన గీత నిజం.

యాసిడ్ సీసాకు మూత బిగించి జేబులో వేసుకుంది. దాంతో పనిలేదిప్పుడు. అంతకంటే ఘాటైనది చేతికి చిక్కింది. ఆ రోజు వరసలన్నీ కాగితం మీదికి దించి, ముఖం కడుక్కుని, కుర్చీలో కూర్చుని ఎదురుచూసింది.

పదిన్నరకు కుడిబూటు కిర్రుమంటూ వచ్చింది.

"అయిందా అమ్మా? సంతకం పెట్టేస్తే ఆ రిపోర్టు పట్టుకుపోతాను. అది చూడందే వాళ్ళు పరీక్షే చూడరట."

"పెడతాను సార్. ఆ సన్నగా ఉండే అమ్మాయి పేరు గుర్తొచ్చిందా?"

"ఏ అమ్మాయి?"

"నేనే సార్."

పెద్దసారు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. ఆమె ముఖాన్ని, కోటును, మళ్ళీ ముఖాన్ని చూశాడు.

ఆమె కాగితం చేతికిచ్చింది. "తేదీ చూడండి. టైం చూడండి. కమిటీకి నాలుగ్గంటల ముందు నా చిప్‌ను పీక నొక్కి చంపారు. పదకొండేళ్ళు మీ బల్ల మీదే ఉంది సాక్ష్యం, మీ ఫ్లాస్కు పక్కన."

"ఇది... నేను చేయలేదు."

"అవునా?"

"అమ్మాయ్, నాకీ మెషీన్ ఆన్ చేయడం కూడా రాదు! నీకు తెలుసు!"

అది నిజమే. ఆయన ఒకసారి సరదా పడి చిప్‌ను తలకిందులుగా దోపితే, దాన్ని బయటికి లాగడానికి ఒక పూట పట్టింది. ఆ కథ చెప్పుకుని విద్యార్థులు ఏళ్ళ తరబడి నవ్వుకున్నారు. యాసిడ్ ఏ సీసాలో ఉంటుందో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

"సరే, మీరు చేయలేదు. తర్వాత సంగతి చెప్పండి. అల్లుడుగారు నా యాంటీబాడీని మళ్ళీ చేశారుగా. గీత లేచిందా?"

ఆయన చేతిలోని కాగితాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"లేచిందా సార్?"

"ఆర్నెల్లకి... లేచింది."

"లేచిన రోజు నేను గుర్తొచ్చానా?"

పెద్దసారు టై వదులు చేసుకున్నాడు.

ఆమె సర్వీస్ రిపోర్టును బల్ల మీద పరిచింది. ఒకదాని కింద ఒకటి మూడు కాపీలు, మధ్యలో కార్బన్లు. 'గమనించిన లోపాలు' అన్న గడి ఖాళీగా ఉంది. పెన్ను మూత తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇక్కడ రాయండి. మీ చేత్తో. రాయకపోతే నా సంతకం లేదు, ఈ పట్టీ వాళ్ళకు నేనే చూపిస్తాను."

"ఏం రాయను?"

"ఫలానా తేదీన, పరీక్షకు ముందే చిప్ పాడుచేయబడింది. ఆ పరిశోధన ఆమెది. ఆ సంగతి ఆరు నెలలకు నాకు తెలిసింది. తెలిసీ నోరు మూసుకున్నాను. అంతే సార్, నాలుగు వాక్యాలు."

"ఇది వాళ్ళు చదువుతారమ్మా!"

"చదవాలనే."

"మా అల్లుడి సంగతి ఆలోచించు. పిల్లలున్నారు వాడికి. నీకేం కావాలో అడుగు, ఇంకేదైనా..."

"మీరు పంపిన ఆ కాగితం మా అమ్మ చదివింది సార్. చదివి నన్ను నిజమేనా అని అడిగింది. నమ్మకుండానే పోయింది. అది వెనక్కి తెస్తారా? తెస్తానంటే చెప్పండి, రిపోర్టు ఇప్పుడే చింపేస్తాను."

గడియారం టకటకమంటోంది. కింద గేటు దగ్గర కారు తలుపులు వేసిన చప్పుడు వినిపించింది. పెద్దసారు కిటికీ వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, చివరికి పెన్ను అందుకున్నాడు. ఒక్కో అక్షరం కార్బన్ల కిందికి దిగేలా గట్టిగా ఒత్తి రాయమంది ఆమె. రాశాడు. రెండు చోట్ల సిరా మరక పడింది. నిజం చెప్పొద్దూ, ఆ మరకలు ఆమె కళ్ళకు పండగలా కనిపించాయి. పదకొండేళ్ళ ఆకలికి ముద్ద దొరికినట్టుంది.

"'ఆమెది' అని ఊరుకుంటే ఎలా సార్? పేరు రాయండి."

ఆయన తల వంచుకునే రాశాడు. ఇంటిపేరుతో సహా, ఆమె సర్టిఫికెట్లలో ఎలా ఉందో అచ్చం అలాగే, ఎక్కడా తడుముకోకుండా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాశాడు.

ఆమె ఆ పేరు వంక చూసింది, ఆయన వంక చూసింది.

"నోట్లోకి రావట్లేదన్నారు."

పెద్దసారు ముఖం కందగడ్డలా అయింది. ఈ మనిషి ఏ ఒక్కరోజూ మరిచిపోలేదు. మరిచిపోయినట్టు తిరగడానికి పదకొండేళ్ళు కష్టపడ్డాడు. ఆ కష్టమంతా ఇవాళ ఆరంగుళాల గడిలో పోసేశాడు.

ఆమె కింద సంతకం పెట్టి, పసుపుపచ్చ కాపీని మాత్రం చింపి తన సంచిలో పెట్టుకుంది. మిగతావి ఆయన చేతిలో పెట్టింది. ఆయన వాటిని బరువైన వస్తువేదో మోస్తున్నట్టు రెండు చేతులతో పట్టుకుని తలుపు దాకా వెళ్ళి, ఆగాడు.

"నేను చేసిన పాపం రాశాను. నేను చేయనిది మాత్రం నాకు అంటగట్టకు. ఆ పొద్దున వచ్చింది ఎవరు? నాకూ తెలియాలి."

"తెలుసుకుంటాను. తెలిశాక వాళ్ళనీ వదలను" అంది ఆమె.

తలుపు మూసుకుంది. ఆమె పట్టీ కాగితాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఇందాక సంతోషంలో తేదీ, టైం, యాసిడ్ అన్న మాట తప్ప ఇంకేమీ చూడలేదు. ఇప్పుడు తాపీగా, పనిమంతురాలి కళ్ళతో, మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టింది. ఎవరి చేతివాటం వాళ్ళకుంటుంది. ముప్పై సెకన్ల మనిషా, నలభై సెకన్ల మనిషా చూస్తే సగం పట్టేయొచ్చు.

యాసిడ్, పదిహేడు సెకన్లు. యాసిడ్, పదిహేడు సెకన్లు. నీళ్ళు. గాలి.

ఆమె వేలు ఆ నాలుగో వరస మీద ఆగిపోయింది.

యాసిడ్, పదిహేడు. యాసిడ్, పదిహేడు. నీళ్ళు. గాలి. అలా అయిదుసార్లు, ఒక్క తేడా లేకుండా.

చంపడానికి వచ్చినవాడికి గొట్టం పొడిగా ఉంటే ఏం, తడిగా ఉంటే ఏం? అయినా అలవాటు ఊరుకోనివ్వలేదు. ఈ లోకంలో మెషీన్‌కు గాలి పట్టించి కడిగేవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు తను. ఆ రోజుకు తనకింకా ఆ పద్ధతి ఎవరూ నేర్పలేదు.

సర్వీస్ మోడ్ జోలికి పోకు తల్లీ.

ఆమె పడిపోయినప్పుడు లేపిన చెయ్యి, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్పిన చెయ్యి, జ్వరం వస్తే నుదుటి మీద ఉండే చెయ్యి. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"అయిందా తల్లీ? సంతకం పెట్టేశావా?" మావయ్య గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. వెనకాల కుళాయి పారుతోంది. గ్లాసు కడుక్కుంటున్నాడు.

ఆమె ఫోనును చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.

"ఏమ్మా? వాడేమైనా అన్నాడా? సర్వీస్ మోడ్‌లోకి పోలేదుగా?"

కుళాయి ఆగింది. 'ఫూ' అని ఊదిన చప్పుడు.

"మావయ్యా" అంది ఆమె. "ఆ రోజు పొద్దున పదిహేడో సెకను ఎవరి తృప్తికి?"

అవతల గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. కంపెనీవాళ్ళ అడుగులు వరండాలోకి వచ్చేశాయి, అల్లుడు నవ్వుతూ ఎవరికో దారి చూపిస్తున్నాడు.

"ఇంటికి రా. చెప్తాను."

"ఇప్పుడే చెప్పు. నువ్వేనా?"

"చేసింది నేనే" అన్నాడు మావయ్య. "చెయ్యమని నా చేతులు పట్టుకుని ఏడ్చిన మనిషి పోయి తొమ్మిదేళ్ళయింది తల్లీ."

తొమ్మిదేళ్ళ కిందట ఆ ఇంట్లోంచి పోయింది అమ్మ ఒక్కతే.